నాటకపు టిక్కెట్టు – నడిమి బేరము



ఆట చూచుటకు వెల చెల్లించుట మన పల్లెలలో పూర్వాచారము కాదు. కూచిపూడి భాగవతులు మేళము కట్టి ఊరూర తిరిగిన దినములలో గ్రామస్థులే వారికి బస యేర్పరచి, సంభావన లిచ్చి సాగనంపెడివారు. కూర్చుండు తావులలో కులభేదము లేకపోలేదు. చూపునకు మాత్రము వెల లేదు.

1880లో ధార్వాడ సమాజమువారు రాజమహేంద్రవరమున నాటకము లాడిరి. ఆ యేటనే వీరేశలింగము పంతులుగారును నాటకము లాడించిరి. 1885లో కడప మండలమున సురభి సమాజము కీచకవధతో వెలసెను. తెరలు, దీపములు, వేషములు వచ్చెను. వానితో వ్యయమును వచ్చెను. ముక్త్యాలవలెనే మెట్టసీమలోని దగు మైలవరమున జమీందారులు బాలభారతీ సమాజమును పోషించిరి. పోషకు డున్నంతకాలము నష్టము పోషకునిది. అతడు తొలగిన పిమ్మట ఆ భారము టిక్కెట్టుపై బడెను.

అంతట కంట్రాక్టరు ప్రవేశించెను. అతడు కవి గాడు, నటుడు గాడు. వేర్వేరు సమాజములనుండి పేరుమోసిన నటులను ఒక్క రాత్రికి కుదుర్చుకొని, వారి పేళ్లు కరపత్రములపై పెద్ద యక్షరముల నచ్చొత్తించి టిక్కెట్లు విక్రయించెడివాడు. కలసి అభ్యాసము చేయకయే వారు రంగ మెక్కెడివారు. ఒకే నాటకమున నిద్దరు కృష్ణులు! జనులు పద్యపద్యమునకు ‘వన్సుమోరు’ కొట్టి తమ సొమ్ము రాబట్టుకొనెడివారు. పేరునకు వెల హెచ్చెను; నాటకము క్షీణించెను.

పిదప సినిమా వచ్చెను. నేల, బెంచీ, కుర్చీ యను తరగతులు మీరెరిగినవే. ఒక పట్టణపు హాలు వద్ద ‘హౌస్‌ఫుల్’ పలక వ్రేలాడుచుండగనే గోడప్రక్కన అవే టిక్కెట్లు రెట్టింపు వెలకు అమ్ముడువోవుట నేను కన్నులార జూచితిని. ఆ యధికము నటునికి జేరదు, సర్కారునకు పన్నుగా జేరదు. నడిమివాని జేబునకే చేరును.

2021 ఏప్రిలు 8వ తేదీన ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పంచాయతీలలోని సాధారణపు హాళ్లకు కనీసపు వెల 5 రూపాయలుగా నిర్ణయించెను. ఆ యాదాయము కరెంటు ఖర్చునకును చాలదని యజమానులు మొఱలిడిరి. ఆ డిసెంబరున పెక్కు హాళ్లు మూతపడెను. 2022 మార్చి 7వ తేదీ యుత్తరువు కనీసము 20, గరిష్ఠము 250 రూపాయలుగా సవరించి, హాలులో నాలుగవవంతు సీట్లు తక్కువ తరగతికి కేటాయించెను. భారీ వ్యయపు చిత్రములకు తొలిదినములలో వెల పెంచుకొను వీలును కల్పించెను.

ఇందు విచారింపవలసిన దొకటి కలదు. వెల మిక్కిలి తగ్గింపగా హాలు మూతపడును. వెల పెంపగా, మునుపు గోడప్రక్కన గుంజిన యధికము నేడు కిటికీయొద్దనే గుంజబడును. రసీదు దొరకును గాని కూలివానికి తావు దొరకదు. కావున పోరు వెలపై గాదు, ఆ నాలుగవవంతుపై సాగవలెను. అది తొలినాడును విడువబడుచున్నదా, కిటికీయొద్దనే అమ్మబడుచున్నదా యని అడుగవలసినవారు గ్రామపెద్దలు. పూర్వము భాగవతులకు బస యిచ్చి యూరందరికి ఆట చూపినవారు మీవంటి పెద్దలే గదా!