నెల్లూరు నీటి వ్యాధిని నమోదు చేసిన కలకత్తా పత్రిక

భారత ఉపఖండ వైద్య చరిత్రను పరిశీలించేవారికి ‘ఇండియన్ మెడికల్ గెజిట్’ తప్పనిసరి ఆధారం. 1866లో కలకత్తాలో ప్రారంభమైన ఈ మాసపత్రిక 1955 వరకు వెలువడింది. తొలి దశాబ్దాల్లో ఇందులో రాసినవారు ప్రధానంగా ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారులు. జిల్లా ఆసుపత్రుల్లో, జైళ్లలో, సైనిక శిబిరాల్లో తమకు ఎదురైన కలరా, మలేరియా, కాలా అజార్ వంటి వ్యాధుల అనుభవాలను వారు అక్షరబద్ధం చేశారు. ఆ పుటల్లో వైద్యుడి స్వరమే వినిపిస్తుంది. రోగి కేవలం ఒక కేసుగా మిగిలిపోతాడు.

అయితే పెద్ద ఆవిష్కరణలకు వేదిక లండనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించిన రొనాల్డ్ రాస్, ఆ ఫలితాన్ని డిసెంబరులో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ప్రకటించాడు. 1913లో ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’ రాకతో ప్రయోగశాల పరిశోధనలకు స్వదేశంలోనే మరో వేదిక ఏర్పడింది. అయినా గెజిట్ ప్రాధాన్యం తగ్గలేదు. కాలా అజార్ నయమైన కొందరి చర్మంపై తర్వాత కనిపించే మచ్చలను, బుడిపెలను ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1922లో వివరించింది ఈ పత్రికలోనే. ఆ చర్మంలో మిగిలిన పరాన్నజీవులు ఇసుక ఈగల ద్వారా మళ్లీ ఇతరులకు సోకగలవు. వ్యాధి నిర్మూలన కార్యక్రమాలకు నేటికీ అదొక చిక్కుముడి.

తెలుగువారికి సంబంధించి 1937 సంపుటి విశేషమైనది. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై అందులో వ్యాసం ప్రచురించారు. పళ్లు గారపట్టడం, నడుము వంగకుండా బిగుసుకుపోవడం, కీళ్లు కదలకపోవడం వంటి బాధలకు మూలం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని ఆ పరిశోధనలతో స్పష్టమైంది. ముగ్గురిలో ఒకరైన సి.జి. పండిట్ తదనంతర కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ అయ్యారు.

కారణం తెలిసినంత త్వరగా మంచినీరు మాత్రం అందలేదు. దశాబ్దాల తర్వాత కూడా ప్రకాశం, నల్గొండ పల్లెలు ఫ్లోరైడ్ నీటినే తాగాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే ‘నల్గొండ విధానం’ 1970లలో గానీ రూపుదిద్దుకోలేదు. నెల్లూరు వ్యాసం నిడివి మూడు పుటలే. గెజిట్ పాత సంచికలతో పాటు అదీ ఇప్పుడు అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయ డిజిటల్ భాండాగారంలో ఉచితంగా లభిస్తోంది.