ఆ ఒక్క ‘ఎస్’ కథ

మొన్నామధ్య మా టీములో కుర్రాడొకడు మొదటిసారి ఆన్‌సైట్ వెళ్తుంటే దింపడానికి శంషాబాద్ వెళ్లాను. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారినప్పటి నుంచీ మన ఐటీ జనానికి ఇదో ఆచారం కదా... ఫ్లైటు తెల్లవారుజామున అయితే రాత్రి పదకొండుకే వచ్చేసి గేటు బయట కూర్చుని కబుర్లు చెప్పుకోవడం.

వాడు ఫోనులో ఒక మెయిలు చూపించి, "అన్నా, పంపే ముందు ఒకసారి సూడు. ఈడ ఈజ్ రావాల్నా, ఆర్ రావాల్నా?" అన్నాడు. వాక్యం ఇదీ: ‘ద లిస్ట్ ఆఫ్ ఓపెన్ ఇష్యూస్ ఆర్ అటాచ్డ్’. ఈజ్ అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. కిందటి అప్రైజల్లో వీడికి రేటింగు తగ్గించి, కారణం దగ్గర ‘కమ్యూనికేషన్’ అని ఒక్క ముక్క రాశారట. కోడు మాత్రం నాకన్నా బాగా రాస్తాడు. అప్పట్నుంచి క్లయింటు కాల్స్‌లో మ్యూట్ తియ్యడం మానేశాడు. "గా ఎస్సు ఎప్పుడు పెట్టాల్నో నాకు ఇప్పటికీ సమజ్ కాదన్నా. మాది తెలుగు మీడియం గదా" అన్నాడు.

వాడితో ఆ రాత్రి చెప్పింది, తర్వాత ఇంటికొచ్చి పుస్తకాల్లో సరిచూసుకుని ఇక్కడ రాస్తున్నా.

వెయ్యేళ్ల కిందట ఇంగ్లీషు కూడా ఈ విషయంలో తెలుగులాంటిదే. మనకి వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చారు అని కర్తని బట్టి క్రియ చివర మారినట్టే, పాత ఇంగ్లీషులోనూ నేను, నువ్వు, అతను, వాళ్లు అన్నవాటికి వేర్వేరు ప్రత్యయాలుండేవి. శతాబ్దాల పాటు అరిగి అరిగి, మామూలు క్రియల వర్తమానకాలంలో చివరికి మిగిలింది ఒక్కటే: హి, షి, ఇట్‌లకి పెట్టే ఎస్.

తమాషా ఏంటంటే, ఆ ఎస్ అసలు లండన్ సరుకే కాదు. దక్షిణాదిన ‘కమ్స్’ బదులు ‘కమెత్’ అనేవాళ్లు. ఎస్ ఉత్తరాది యాస. పదో శతాబ్దంలో లిండిస్‌ఫార్న్ సువార్తల లాటిన్ పంక్తుల మధ్య ఒకాయన ఉత్తరాది ఇంగ్లీషులో అర్థాలు రాశాడు, వాటిలో అప్పటికే ఈ ఎస్ కనబడుతుంది. పద్నాలుగో శతాబ్దం చివర్లో చాసర్ ‘కాంటర్‌బరీ టేల్స్’ రాస్తూ, ‘రీవ్స్ టేల్’లో ఇద్దరు ఉత్తరాది విద్యార్థుల చేత కావాలనే ఈ ఎస్ పలికించాడు. లండన్ శ్రోతలకి నవ్వు రావాలని! మన సినిమాల్లో ఏళ్ల తరబడి తెలంగాణ యాసని కమెడియన్లకీ రౌడీలకీ ఇచ్చారే, అచ్చం అలాగే. (ఇది చెబుతుంటే మావాడు మొదటిసారి నవ్వాడు. వాళ్లది ఈ షాద్‌నగర్ వైపే.)

ఇంకో రెండొందల ఏళ్లకి షేక్‌స్పియర్ రెండు రూపాలూ వాడుకున్నాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు మాత్రం గంభీరంగా ఎత్‌నే పట్టుకుంది. జనం నోట్లో ఎస్ గెలిచేసింది. ఒకప్పుడు పల్లెటూరి మొరటుతనం అనిపించుకున్న అక్షరమే ఇప్పుడు మావాడి రేటింగుని మింగింది చూశారా! ఇంగ్లండులోనే తూర్పున నార్‌ఫోక్ వైపు పాతకాలం మాటతీరులో ఈనాటికీ ‘హి గో’ అనే వాళ్లున్నారు.

మరి ‘యు ఆర్’ సంగతి? ఒక్కడే ఉన్నా ఆర్ ఎందుకు? దీనికి తెలుగువాడు అసలు తికమక పడక్కర్లేదు. యు అంటే మన ‘మీరు’. నువ్వు లాంటి ‘దౌ’ని మర్యాద తరిమేసింది, బహువచన క్రియ మిగిలింది. పద్దెనిమిదో శతాబ్దంలో చదువుకున్న వాళ్లు కూడా ఒక్క మనిషిని ఉద్దేశించి ‘యు వాజ్’ అని రాసేవాళ్లు. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో అది తప్పు అని తేల్చాడు. అమెరికాలో డిక్షనరీ వెబ్‌స్టరేమో తప్పు కాదని వాదించాడు. చివరికి నెగ్గింది లౌత్ పక్షమే.

మన పుస్తకాల కథ దీనికి తలకిందులు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) నాటి గ్రాంథికంలో రాముడు వచ్చెను, సీత వచ్చెను, రథము వచ్చెను. ముగ్గురికీ ఒకటే! ఆడా మగా తేడా చూపించే ‘వచ్చినాడు’ లాంటి రూపం పక్కన ఉండేది. అది నోట్లో అరిగి గుంటూరు వైపు వచ్చాడు అయింది, శంషాబాదులో వచ్చిండు అయింది. ఇంగ్లీషువాడు పోగొట్టుకుంటూ వచ్చాడు, మనం జనం మాట పుణ్యమా అని ఎక్కువ చేసుకున్నాం. ఇంత సంబంధం తప్పకుండా పాటించే భాష నుంచి వచ్చి ఒక్క ఎస్ దగ్గర ఎందుకు తడబడతాం?

నాకు తోచింది ఇది. వచ్చాడు అంటే చాలు, ‘వాడు’ అని చెప్పక్కర్లేదు, ఆ ప్రత్యయమే కర్త. ఇంగ్లీషులో హి అని ముందే చెప్పేశాక ఎస్ కొత్తగా చెప్పేదేమీ లేదు. పని లేనిదాన్ని బుర్ర వదిలేస్తుంది. రెండోది, వాక్యంలో చోటు. ‘ఇష్యూల లిస్టు వచ్చింది’ అంటాం. అసలు కర్త, లిస్టు, క్రియ పక్కనే ఉంటుంది. ఇంగ్లీషువాడు ‘లిస్ట్ ఆఫ్ ఇష్యూస్’ అని తిప్పేసరికి క్రియకి ఆనుకుని బహువచనం కూర్చుంటుంది. ఆ గోతిలో దొరలూ పడతారు. అందుకే మావాడికి చెప్పాను, ముందు తెలుగులో అనుకో, ఆఖరి మాట ఏదైతే దానికి క్రియ పెట్టు అని.

మూడోది మన బహువచనాలు. నీళ్లు వచ్చాయి, పాలు విరిగాయి, సామాన్లు వచ్చాయి. అందుకే లగేజ్ పక్కన హావ్ పెట్టేస్తాం.

పోనీ కంప్యూటరైనా తెలివైనదా? డాస్‌లో కాపీ కొడితే ‘1 ఫైల్’ అని, పక్కన బ్రాకెట్లో ఎస్ పెట్టి వదిలేసేది! ఇప్పటికీ మనం కౌంటు ఒకటి అయితే ఈజ్, కాకపోతే ఆర్ అని కండిషన్ రాస్తూనే ఉన్నాం. దానికి రేటింగు తగ్గించినవాడు లేడు.

ఒంటిగంటకి మావాడు లోపలికెళ్లాడు. మర్నాడు సాయంత్రం మెసేజీ: "చేరిన అన్నా. ఒక బ్యాగు రాలే." ఎయిర్‌లైన్ కౌంటర్లో ఇచ్చిన ఫారం ఫొటో కూడా పెట్టాడు. అందులో వాడి చేతిరాతతో, ‘వన్ ఆఫ్ మై బ్యాగ్స్ ఈజ్ మిస్సింగ్’.