నేలకు దగ్గరగా పుట్టిన జెట్టు

మద్రాసు నుంచి హైదరాబాదుకు ఆకాశమార్గాన ఐదువందల కిలోమీటర్ల పైచిలుకు. ఇంత దూరానికి జెట్ విమానం పైకెక్కి కుదుటపడేలోపే దిగడం మొదలుపెట్టాలి. అందుకే దగ్గరి దూరాల జెట్టు సత్తా నేలమీదే తేలుతుందని నా అభిప్రాయం. ఎంత రన్‌వేలో ఆగుతుంది, జనాన్ని దింపి ఎంత త్వరగా మళ్లీ లేస్తుంది, ఏళ్ల తరబడి ఇదే పని చేయిస్తే ఒళ్లు ఎంతవరకు తట్టుకుంటుంది అన్నవే దాని అసలు లెక్కలు.

నిజాం ఏలుబడిలో 1945లో పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి డకోటాలు. 1953 జాతీయీకరణతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1964లో జెట్లకు మళ్లింది. మొదట వచ్చింది ఫ్రెంచి కారవెల్. ముక్కు బ్రిటిష్ కామెట్‌ది, కిటికీలు త్రికోణాలు, ఇంజిన్లు తోక దగ్గర. అందమైన విమానమే.

1970ల తొలినాళ్లలో ఆ పక్కనే బోయింగ్ 737-200 వచ్చి చేరింది. నేను ఎక్కువసేపు నిలబడి చూడాలనుకునేది దీన్నే. 1967 ఆగస్టులో తొలిసారి ఎగిరిన ఈ విమానం పొడవు వంద అడుగులు. లోపలి వెడల్పు మాత్రం పెద్దన్న 707ది, వరసకు ఆరు సీట్లు. సన్నటి జేటీ8డీ ఇంజిన్లను రెక్క కిందికి నేరుగా హత్తించి బిగించారు. పొట్ట నేలకు అంత దగ్గరగా ఉండబట్టి మెకానిక్ పెద్ద నిచ్చెన లేకుండానే ఇంజిన్ విప్పగలడు, సామాన్లు ఎక్కించేవాళ్లకు చెయ్యి అందుతుంది. రెక్కల కింది ప్రధాన చక్రాలకైతే పూర్తి మూతలే లేవు. పైకెగిరిన విమానాన్ని కిందినుంచి చూస్తే పొట్టలో ముడుచుకున్న టైర్లు గుండ్రంగా కనిపిస్తాయి. మూతలు లేకపోతే అంత బరువు, అంత మరమ్మతు తప్పినట్టే.

తొలి విమానాల్లో ఒక లోపం ఉంది. దిగాక వేగం తగ్గించే రివర్సర్లు సరిగా పనిచేసేవి కావు. బోయింగ్ 1969లో ఇంజిన్ వెనుక గొట్టాన్ని పొడిగించి, దాని చివర రెండు డొప్పలు అమర్చింది. చక్రాలు నేలను తాకగానే అవి మూసుకుని, మంటగాలిని ముందుకు తిప్పికొడతాయి. ఆ గర్జన విన్నవాళ్లు మరచిపోరు. ఎండాకాలం మరో చిక్కు. మే నెలలో గాలి పలచబడితే ఇంజిన్ లాగే శక్తి, రెక్క మోసే బరువు రెండూ తగ్గుతాయి. పొట్టి రన్‌వే అయితే మనుషులనో సామాన్లనో తగ్గించుకోక తప్పదు.

దిగే వేళే గండం కూడా. 1973 మే 31న మద్రాసు నుంచి ఢిల్లీ వెళ్లిన 737, గాలిదుమారంలో దిగబోతూ కరెంటు తీగలకు తగిలి కూలింది. కేంద్రమంత్రి మోహన్ కుమారమంగళంతో సహా 48 మంది పోయారు.

ఇక ఉప్పు. మైపాడు ఒడ్డున పడవలకు ఇంజిన్లు బిగించుకుని వేటకెళ్లేవాళ్లకు ఉప్పుగాలి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు, దాని ముందు ఏ బోల్టూ ఎక్కువకాలం నిలవదు. విమానపు అల్యూమినియం రేకులనూ అది వదలదు. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య తిరిగే అలోహా ఎయిర్‌లైన్స్ 737-200కు, 24 వేల అడుగుల ఎత్తున, పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ ప్రాణం పోయింది. విమానం వయసు పందొమ్మిదేళ్లే, ఎగిరి దిగింది మాత్రం దాదాపు 90 వేల సార్లు. ఎక్కిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి ఒళ్లు ఉబ్బుతుంది, దిగాక మళ్లీ సర్దుకుంటుంది. రేకుల అతుకుల్లోకి ఉప్పుచెమ్మ దూరితే రివెట్ల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు పుట్టి ఒకదానితో ఒకటి కలుస్తాయి. విమానం వయసును ఏళ్లతోపాటు ఎగిరిన సార్లతోనూ లెక్కగట్టాలని ప్రపంచానికి గట్టిగా తెలిసింది అప్పుడే. మద్రాసు మీనంబాకం, విశాఖపట్నం మీదా వీచేది సముద్రపుగాలే కనుక ఇది మనకూ వర్తించిన పాఠం.

1989లో ఎయిర్‌బస్ ఎ320లు వచ్చాక, చమురు ఎక్కువ తాగే, చెవులు చిల్లులు పడేలా మోగే ఈ పాత జెట్లు అనుబంధ సంస్థ అలయన్స్ ఎయిర్‌కు చేరాయి. 2000 జులై 17న పాట్నాలో వాటిలో ఒకటి ఇళ్ల మీద కూలి 60 మంది చనిపోయారు. తప్పు నడిపిన తీరులో ఉందని విచారణ తేల్చింది. విమానం పాతదన్న అనుమానం మాత్రం జనంలో ఉండిపోయింది.

1982లో వచ్చిన మరో 737-200 చివరికి తపాలా మూటలు మోసి, 2012 నుంచి కోల్‌కతా విమానాశ్రయంలో ఓ మూల పడి ఉండిపోయింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలుపుకున్న ఎయిరిండియా దాన్ని 2025లో అమ్మేసింది. ఆ నవంబరులో రోడ్డు మీద బెంగళూరు తరలించారు, మరమ్మతు ఇంజినీర్లకు పని నేర్పడానికి.