రాయలోరు కాపురమున్న కొండ

హిందూపురంలో రైలెక్కి ధర్మవరం పోతుంటే దారిలో పెనుకొండ వస్తుంది. నా చిన్నప్పుడు ఆ కొండ కనబడగానే మా అవ్వ ఒళ్లోని చింతపండు మూట పక్కన పెట్టి రెండు చేతులూ జోడించేది. “రాయలోరు కాపురమున్న కొండప్పా, మొక్కుకో” అనేది. నేను మొక్కేసి, ధర్మవరంలో అక్క పెళ్లికి కొనబోయే పట్టుచీరల మాటల్లో పడిపోయేవాణ్ణి. ఆ మొక్కులో ఎంత దుఃఖం ఉందో తల నెరిశాక గానీ నాకు తెలియలేదు.

1565 జనవరి 23, విజయనగరానికీ దక్కను సుల్తానులకూ మధ్య రక్కసి తంగడి యుద్ధం. ఒక్క పూటలో, విజయనగరాన్ని నడిపిస్తున్న అళియ రామరాయల తల తెగిపడింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరుకే చక్రవర్తి అయిన సదాశివరాయలను వెంటబెట్టుకుని, ఖజానాను ఏనుగుల మీదికెక్కించి విజయనగరం విడిచాడు. 550 ఏనుగులని చరిత్రకారుడు సీవెల్ రాశాడు. ఆ దారి చివరికి చేరింది ఈ కొండకే. బుక్కరాయల కొడుకు విరూపణ్ణ ఏలిన నాటి నుంచీ విజయనగర రాయలకు ఇది అయినవాళ్ల చోటు.

తిరుమలరాయలు మళ్లీ హంపీలో నిలదొక్కుకోవాలని చూశాడు. కుదరలేదు. 1567లో అక్కడికి వచ్చిన వెనిస్ వర్తకుడు ఫెదెరీచి ఇళ్లింకా నిలిచే ఉన్నాయనీ, వాటిలో మనుషులు లేరనీ, పులులు తిరుగుతున్నాయనీ రాశాడు.

పెనుకొండ తన శక్తికొద్దీ ఆ భారం మోసింది. తిరుమలరాయలు ఇక్కడే రాజ్యమేలాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఆయనకే. కానీ శత్రువు ఊపిరి తీసుకోనివ్వలేదు. బీజాపూరు సేనలు వచ్చాయి, గోల్కొండ సేనలు వచ్చాయి. కోట నిలిచినా కొలువు నిలవలేదు. 1592 ప్రాంతంలో తిరుమలరాయల కొడుకు వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకు పెనుకొండ బీజాపూరు వశమైంది.

హంగరీవాళ్లకూ రక్కసి తంగడి లాంటి రోజొకటి ఉంది. 1526 ఆగస్టు 29న మొహాచ్ యుద్ధంలో ఓడి, ఇరవయ్యేళ్ల రాజు లాయోష్ పారిపోతూ వాగులో మునిగి చనిపోయాడు. బుడా నగరం తురుష్కుల పాలైంది. పొజోనీ అనే ఊరు రాజధాని బరువెత్తుకుంది, మన పెనుకొండలాగే. వాళ్లు పుట్టిన నేలను తెలుసుకోవడాన్ని ఒక చదువుగా చేసుకున్నారు. దానికి హోనిష్మెరెట్ అని పేరు. ఓడిన ఆ మొహాచ్ నేలనే 1976లో స్మారకవనం చేసుకున్నారు. మనకు గెలిచిన రాయలు తెలుసు. ఓడి మన ఊరికొచ్చిన రాయలు తెలియదు.

పోయినేడు పెనుకొండలో దిగాను. గగనమహల్ కమాను కింద నిలబడి గోడ తడిమాను. గచ్చు అరచేతికి పొడిగా అంటింది. ఊళ్లో కృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసు సమాధి అని చూపించే మండపం దగ్గర కాసేపు కూర్చున్నాను. ఆ మహామంత్రి కళ్లు పోగొట్టుకుని ఇక్కడే కన్నుమూశాడని ఊరివాళ్లు చెబుతారు. ఈ కొండకు దుఃఖం తిరుమలరాయలతో మొదలు కాలేదన్నమాట.

సాయంత్రం తిరుగు రైల్లో అవ్వ మాట మళ్లీ చెవిన పడినట్టయింది. ఆమెకు అక్షరం రాదు, 1565 తెలియదు. ఏలిన కొండ అనలేదు, కాపురమున్న కొండ అంది. ఇల్లు కూలినవాళ్లు వచ్చి పొయ్యి వెలిగించుకున్న చోటని ఆమె ఎరుగును. అందుకే మొక్కింది.