రాయిస్ క్రాంక్‌షాఫ్ట్

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఇంగ్లండు ఇంజనీర్లకు ఆరు సిలిండర్ల ఇంజన్ మీద ఆశ ఎంత ఉందో భయమూ అంతే ఉంది. ఆశకు కారణం దాని సమతూకం. సిలిండర్లను ఒకే వరుసలో నిలిపి, క్రాంకులను 120 డిగ్రీల ఎడంతో, ముందు మూడింటికి వెనక మూడు ప్రతిబింబంలా అమర్చితే, పిస్టన్ల కదలికలో పుట్టే ప్రధానమైన కుదుపులన్నీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నాలుగు సిలిండర్లకు ఆ భాగ్యం లేదు. ఎస్.ఎఫ్. ఎడ్జ్ అమ్మిన నేపియర్ కార్లు 1904 నాటికే ఈ సాఫీతనాన్ని జనానికి రుచి చూపించాయి.

భయానికి కారణం పొడవు. సన్నగా సాగిన క్రాంక్‌షాఫ్ట్ సిలిండర్‌లోని ప్రతి పేలుడుకూ కాస్త మెలితిరిగి వెనక్కి వస్తుంది. ఒకానొక వేగం దగ్గర పేలుళ్ల లయ, ఆ షాఫ్ట్ సహజ కంపనం కలిసిపోతాయి. ఉయ్యాలను సరైన క్షణంలో తోస్తూ పోయినట్టు మెలిక పెరుగుతుంది; చివరికి ఉక్కు విరుగుతుంది. రోల్స్‌రాయిస్ కంపెనీ ఇంజనీరు హెన్రీ రాయిస్ తొలి ఆరు సిలిండర్ల కారు, 30 హార్స్‌పవర్ మోడల్, ఈ జబ్బుతోనే బాధపడింది. అందులో సిలిండర్లు జంటలుగా మూడు దిమ్మల్లో ఉండేవి.

1906 నవంబరులో లండన్ ఒలింపియా ప్రదర్శనకు వచ్చిన 40/50 మోడల్‌లో ఆయన ఆ అమరికను పూర్తిగా మార్చాడు. మూడేసి సిలిండర్లతో రెండు దిమ్మలు. బాగా లావెక్కిన క్రాంక్‌షాఫ్ట్, దాన్ని ప్రతి క్రాంకుకు రెండు వైపులా పట్టి ఉంచే ఏడు బేరింగులు. వాటికి పీడనంతో నూనె. సిలిండర్ వ్యాసం, పిస్టన్ నడక రెండూ 114 మిల్లీమీటర్లే. నడకను 30 హార్స్‌పవర్ మోడల్‌లోని 127 నుంచి 114కు తగ్గించడం చిన్న మార్పుగా కనిపిస్తుంది కానీ, క్రాంకు పొట్టిదైన కొద్దీ షాఫ్ట్ బిగువెక్కుతుంది. 7,036 సీసీల ఇంజన్ నుంచి ఆయన కోరింది దాదాపు 48 హార్స్‌పవర్ మాత్రమే. ఈ నిగ్రహమే ఆ రూపకల్పనలో అన్నిటికన్నా గొప్ప గుణమని నా అభిప్రాయం.

1907లో వెండి రంగు వేసిన ఒక కారును 15,000 మైళ్లు, అంటే సుమారు 24,000 కిలోమీటర్లు, ఆటోమొబైల్ క్లబ్ పర్యవేక్షణలో నడిపారు. 629 మైళ్ల దగ్గర పెట్రోలు కుళాయి అదురుకు మూసుకుపోయి ఆగింది. ఆపైన 14,371 మైళ్లూ ఇంజన్ వల్ల ఆగలేదు. తర్వాత విప్పి కొలిస్తే ఇంజన్‌లో చెప్పుకోదగ్గ అరుగుదల లేదు. ఆ కారుకు పెట్టిన సిల్వర్ గోస్ట్ అన్న పేరే క్రమంగా ఆ మోడల్‌కంతటికీ స్థిరపడింది. 1912లో నిజాం కోసం తయారైన పసుపుపచ్చ సిల్వర్ గోస్ట్‌ను హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఈనాటికీ చూడవచ్చు.

మెలిక సమస్యకు సిద్ధాంతపరమైన జవాబు మరో ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఇచ్చాడు. కంపనాన్ని రాపిడితో హరించే డ్యాంపర్‌కు 1910లో పేటెంట్ తీసుకున్నాడు. రాయిస్ కూడా తన సొంత డ్యాంపర్‌ను అమర్చుకున్నాడు. 1925లో 40/50 స్థానంలో ఓవర్‌హెడ్ వాల్వుల ఫాంటమ్ మోడల్ వచ్చినప్పుడు పాత ఇంజన్‌లోని సైడ్ వాల్వులు పోయాయి. మూడేసి సిలిండర్ల రెండు దిమ్మలు, ఏడు బేరింగులు మాత్రం అలాగే కొనసాగాయి.