పరవాడ పరిసర గ్రామాల కాలిబాటలు – భూరికార్డులు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పరవాడ ప్రాంతంలో ఊరిని చెరువుతో, కొండతో, సముద్రతీరంతో కలిపిన కాలిబాటలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భూరికార్డులు నేల యజమానిని నమోదు చేసినంత స్పష్టంగా ఆ నేల మీద నడిచేవారి హక్కును నమోదు చేయలేదు. పారిశ్రామికీకరణలో దారుల నష్టం లెక్కకు రాకపోవడానికి ఇదే ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పరవాడ, గోర్జి, గెడ్డ, పోరంబోకు, భూసేకరణ, ఉమ్మడి వనరులు.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నానికి నైరుతి దిశలో, తూర్పు కనుమల నుంచి విడివడిన చిన్న కొండలకూ బంగాళాఖాతానికీ నడుమ పరవాడ మండలం ఉంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఇది అనకాపల్లి జిల్లాలో చేరింది. సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, ఫార్మాసిటీ కారణంగా ఈ ఊరి పేరు పారిశ్రామిక చరిత్రలో స్థిరపడింది. పూర్వపు విశాఖపట్నం జిల్లా చరిత్రకు డి.ఎఫ్. కార్మైకేల్ రచించిన మాన్యువల్ (1869), డబ్ల్యు. ఫ్రాన్సిస్ రూపొందించిన గెజిటీర్ (1907) ముఖ్య ఆధారాలు. పాలనకూ వర్తకానికీ ఉపకరించిన రహదారులకు ఇచ్చిన ప్రాధాన్యాన్ని అవి పల్లెల కాలిబాటలకు ఇవ్వలేదు.

2. దారులు, గమ్యాలు

ఉత్తరాంధ్రలో పొలాల నడుమ సాగే మట్టిదారిని గోర్జి అనీ, కొండల నుంచి దిగే వాగును గెడ్డ అనీ అంటారు. పశువులు మేతకు కొండ ఎక్కడానికీ, రైతు పొలానికీ, స్త్రీలు వంటచెరకుకూ నీటికీ వెళ్లడానికీ ఈ దారులే ఆధారం. తీరంలోని ముత్యాలమ్మపాలెం మత్స్యకార గ్రామం. చేపల గంపలతో స్త్రీలు లోపలి ఊళ్లకు నడిచి వెళ్లి అమ్ముకోవడం ఈ తీరమంతటా ఉన్న జీవనపద్ధతి. కాబట్టి సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్న బాట వారికి అంగడిదారి కూడా.

ఉక్కు కర్మాగార భూములకు సమీపంలోని అప్పికొండ సోమేశ్వరాలయానికి శివరాత్రి నాడు జనం తరలివస్తారు; జాగరణ ముగిశాక సముద్రస్నానం చేస్తారు. పొరుగున అచ్యుతాపురం వైపున్న కొండకర్ల ఆవ, రాష్ట్రంలో కొల్లేరు తరువాత చెప్పుకోదగిన మంచినీటి సరస్సు. శీతకాలపు వలస పక్షులకు ఇది నెలవు. అక్కడ తాటిబోదెలను జతచేసి చేసిన దోనెలపై నీటిని దాటుతారు. అంటే నేల మీది బాట ఒడ్డున ఆగిపోక, నీటి మీద కూడా కొనసాగుతుంది.

3. చట్టదృష్టిలో కాలిబాట

విశాఖపట్నం జిల్లాలో అధికభాగం జమీందారీ ప్రాంతం. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం ఎస్టేట్లలోని ఉమ్మడి భూములను, పోరంబోకులను, చెరువులను ప్రభుత్వానికి బదిలీ చేసింది. గోర్జి, గెడ్డ ప్రభుత్వ పోరంబోకులుగా రికార్డులకెక్కాయి. పట్టా పొలాల గట్ల మీదుగా సాగిన సన్నని బాటలు మాత్రం అలవాటుగానే మిగిలాయి.

అలవాటును హక్కుగా గుర్తించే చట్టం లేకపోలేదు. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఇతరుల భూమి మీదుగా 20 ఏళ్లు బహిరంగంగా, హక్కుగా, అడ్డంకి లేకుండా నడిస్తే దారిహక్కు ఏర్పడుతుంది. అయితే ఈ హక్కు నడిచే మనిషికి కాక అతని భూమికి చెందుతుంది. సెంటు భూమి లేని గొర్రెల కాపరికీ, చేపలమ్మే స్త్రీకీ ఈ మార్గంలో రక్షణ దొరకడం కష్టం.

4. పారిశ్రామికీకరణ

1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. దానికోసం అరవైకి పైగా గ్రామాలు భూములు కోల్పోయాయి. 2002లో సింహాద్రి కేంద్రంలో విద్యుదుత్పత్తి మొదలైంది. రెండో దశ పూర్తయ్యేసరికి దాని సామర్థ్యం 2,000 మెగావాట్లకు చేరింది. తరువాత ఫార్మాసిటీ రెండు వేల ఎకరాలకు పైగా విస్తరించింది.

1894 నాటి భూసేకరణ చట్టం ఈజ్‌మెంటు ఉన్నవారిని కూడా ‘ఆసక్తి గల వ్యక్తులు’గా గుర్తించింది. కానీ స్వాధీనానంతరం భూమి సమస్త భారాల నుంచి విముక్తమై ప్రభుత్వానికి దఖలుపడుతుంది. పోరంబోకు మొదటి నుంచీ ప్రభుత్వానిదే కనుక, దాని మీద నడిచినవారు పరిహారం కోరగల హక్కుదారులుగా కనబడరు. ప్రహరీగోడ లేచినప్పుడు పొలం పోయిన రైతు పేరు అవార్డులో ఉంటుంది. దారి పోయినవారి పేరుకు అందులో చోటు లేదు.

2013 నాటి కొత్త చట్టం జలవనరులపై ఆధారపడిన మత్స్యకారులను బాధిత కుటుంబాలలో చేర్చింది. మూడో షెడ్యూలులో దారుల, ఈజ్‌మెంటు హక్కుల ఏర్పాటును పేర్కొంది. అయితే ఆ షెడ్యూలు పునరావాస గ్రామాలకు ఉద్దేశించినది. ఊరు కదలకుండా దారి మాత్రమే కోల్పోయినవారి సమస్య అలాగే ఉంది.

5. తులనాత్మక పరిశీలన

స్కాట్లాండ్‌లోనూ 20 ఏళ్ల వాడకమే దారిహక్కుకు ప్రాతిపదిక. కానీ అక్కడ రెండు బహిరంగ స్థలాలను కలిపే బాటపై హక్కు ప్రజలందరిదీ. 1845లో ఎడింబరోలో ఇలాంటి దారుల రక్షణకు సంఘం ఏర్పడింది. 2003 నాటి భూసంస్కరణ చట్టం, ప్రతి స్థానిక సంస్థ ప్రజలను సంప్రదించి ముఖ్యమైన బాటల పటం తయారుచేయాలని విధించింది.

సింహాచల గిరిప్రదక్షిణ ఇక్కడి ఉదాహరణ. సుమారు 32 కిలోమీటర్ల ఆ దారి నగరం విస్తరించినా, తారురోడ్డుగా మారినా చెరిగిపోలేదు. ఆషాఢ పూర్ణిమ సందర్భంగా ఏటా వేలాది పాదాలు దానిని గుర్తుచేస్తున్నాయి. రోజువారీ జీవనానికి ఉపయోగపడిన గోర్జికి అలాంటి తిథి లేదు.

6. ముగింపు

కాలిబాట చరిత్ర యాజమాన్య చరిత్ర కాదు, వినియోగ చరిత్ర. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన సమగ్ర భూసర్వే హద్దులను కొత్తగా స్థిరపరుస్తున్నది. ఈ దశలో వాడుకలోని బాటలను గ్రామసభల సమక్షంలో, నడిచేవారి సాక్ష్యంతో నమోదు చేయడం అవసరం. పరవాడ వంటి చోట గ్రామపటాలను వృద్ధుల మౌఖిక కథనాలతో పోల్చి చూడడం స్థానిక చరిత్ర పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని. పటాన్ని ఎప్పుడైనా తిరిగి తీయవచ్చు. ఆ దారిలో నడిచిన తరం గతించాక మాత్రం దానికి సాక్ష్యం మిగలదు.