జుక్కల్ సీమలో పాట కట్టే పనిముట్లు: హార్మోనియం నుంచి యాప్ దాకా

కౌమార వయసు పిల్లలు తమ పాటను తామే కట్టుకునేలా తోడ్పడే మొబైల్ యాప్‌లు రెండు దారుల్లో వచ్చిన అనుభవం కలిసే చోట ఉన్నాయి. ఒక దారి విశ్వవిద్యాలయ ప్రయోగశాలల నుంచి, సాఫ్ట్‌వేర్ సంస్థల నుంచి వచ్చింది. రెండోది ఊళ్ళలోది, చాలా పాతది: బాణీ అందించి, దరువు పట్టించి, వంత పాడించి, చివరకు కొత్త చరణాన్ని పిల్లల నోటనే పలికించే పద్ధతి. కామారెడ్డి జిల్లా పడమటి కొసన ఉన్న జుక్కల్ ప్రాంతంలో రెండో దారి ఆనవాళ్ళు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. మొదటిది అక్కడికి సెల్‌ఫోన్‌తో పాటు వచ్చింది.

జుక్కల్ మూడు రాష్ట్రాల కూడలి. ఉత్తరాన, పడమరన మహారాష్ట్రలోని దెగ్లూర్ వైపు, కర్ణాటకలోని ఔరాద్ వైపు దారులు పోతాయి. నిజాం రాజ్యంలో ఇది నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో భాగం. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం నాందేడ్ జిల్లాను బొంబాయి రాష్ట్రానికి అప్పగిస్తూ, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను మాత్రం విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. ఆ తర్వాత నిజామాబాద్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబర్ 11న ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. హద్దులు ఇన్నిసార్లు మారినా సంతలు, పెళ్ళి సంబంధాలు, జాతరలు హద్దుకు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. అందుకే ఇక్కడి పిల్లల చెవిన తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ, లంబాడీ పాటలు కలిసి పడతాయి. ఇన్ని భాషల బాణీలు ఒకే ఊరి పిల్లలకు అందుబాటులో ఉండడం తెలంగాణలో అంతటా కనిపించేది కాదు.

పండరిపురం వార్కరీ సంప్రదాయం ప్రభావం ఉన్న సరిహద్దు ఊళ్ళలో సప్తాహం జరుగుతుంది. ఏడు రోజులు నామస్మరణ ఆగకుండా సాగాలి కాబట్టి పాడేవాళ్ళు వంతులవారీగా మారుతుంటారు, పిల్లలకూ వంతు వస్తుంది. చేతికి మొదట ఇచ్చేది తాళాలు. తాళం తప్పకుండా పట్టగలిగినవాడు వంతలోకి వస్తాడు, వంత నిలబెట్టగలిగినవాడు ముందుపాటకు వస్తాడు. చిందు, ఒగ్గు కథ మేళాల్లోనూ వరస ఇదే. నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతానికి చెందిన చిందుల ఎల్లమ్మ వంటి మహా కళాకారిణి కూడా మేళంలో పుట్టి, మేళంలో చూస్తూ, పాడుతూ ఆ విద్యను పట్టుకున్నారు. ఎక్కడా స్వరాలను విడివిడిగా నేర్పరు. ఒక పాదం పాడతారు, పిల్లలు ఆ పాదాన్ని మొత్తంగా తిరిగి అంటారు.

పిల్లలే నడిపే సందర్భాలు కూడా ఉన్నాయి. వాటిలో తీజ్ అన్నిటికంటే చెప్పుకోదగ్గది. జుక్కల్, పిట్లం, నిజాంసాగర్ ప్రాంతాల్లో లంబాడీ తాండాలు చాలా ఉన్నాయి. శ్రావణంలో పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి, ఎరువు వేసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. నీళ్ళు పోసేటప్పుడు, బుట్టల చుట్టూ ఆడేటప్పుడు పాటలు కావాలి. తొమ్మిది రోజులకు సరిపడా పాత పాటలు ఎవరికీ గుర్తుండవు. అప్పుడు తెలిసిన బాణీలోనే అన్నదమ్ముల పేర్లు, తాండా నాయక్ పేరు, ఆ ఏడు కురిసిన వాన చేర్చి కొత్త చరణాలు అల్లుతారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు, ఆ అందుకునే వ్యవధిలోనే మొదటి పిల్లకు తర్వాతి మాట తడుతుంది. చాలా బతుకమ్మ పాటల్లో పాదం చివర వచ్చే ‘ఉయ్యాలో’ అన్న పదం చేసే పని కూడా ఇదే. అది పాట అల్లేవాళ్ళకు ఊపిరి తీసుకునే చోటు, ఆలోచించుకునే చోటు. పద్నాలుగేళ్ళ పిల్ల నిలబడిన చోటే చరణం కట్టగలగడానికి కారణం ఈ అమరికే. ప్రతిభ తర్వాతి మాట.

ఈ పద్ధతిలోకి యంత్రం అనదగిన మొదటి పనిముట్టు హార్మోనియం. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబేన్ పేటెంట్ తీసుకున్న వాద్యం కాళ్ళతో తొక్కి వాయించేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 19వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో దాన్ని నేలమీద కూర్చుని, ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ మరో చేత్తో వాయించే పెట్టెగా మార్చారు. మరాఠీ, తెలుగు నాటక సమాజాల వెంట అది ఊరూరికీ వెళ్ళింది. గమకం పలకదన్న అభ్యంతరంతో ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి, 1971లో గానీ సడలించలేదు. భజన మండళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. నేర్చుకునే కుర్రాడికి అది చేసిన మేలు పెద్దది: గొంతులో ఉన్న బాణీ మెట్ల మీద కంటికి కనిపించింది. ఏ మెట్టును షడ్జంగా పట్టాలో తెలిస్తే చాలు, మిగతాది వెతుక్కోవచ్చు. తప్పు మెట్టు నొక్కినా మళ్ళీ నొక్కి సరిచేసుకోవచ్చు. స్వయంగా ప్రయత్నించి, విని, దిద్దుకోవడం అనే అలవాటు పల్లె కుర్రాళ్ళకు హార్మోనియం దగ్గరే మొదలైంది.

రాసి దాచుకోవడం వేరే దారిన నడిచింది. తెలుగు లిపిలో సంగీతాన్ని స్వరపరిచి అచ్చువేయడం 19వ శతాబ్దంలోనే మొదలైంది. 1904లో ఎట్టయపురం నుంచి సుబ్బరామ దీక్షితులు ప్రచురించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ గమకాలకు కూడా గుర్తులు ఏర్పరచిన మహాగ్రంథం. అది శాస్త్రం చదివినవారి కోసం. భజన పుస్తకాల్లో మాత్రం సాహిత్యం, దానిపైన ‘ఫలానా పాట వరస’ అన్న ఒక్క పంక్తి ఉండేవి. బాణీ గుర్తుకు రావడానికి అది చాలు.

దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలవడం, సినిమా పాటలు పల్లెకు చేరడం కొత్త బాణీలను తెచ్చాయి. భజనల్లో సినిమా వరసలు కనబడసాగాయి. 1980లలో క్యాసెట్ చవకైంది, టేప్ రికార్డర్ ఉన్న ఇంట్లో ఊరి గొంతు మొదటిసారి తనను తాను విన్నది. ఉద్యమ పాట కూడా పాత బాణీల మీదే నిలబడింది. తెలంగాణ రైతాంగ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు జానపద కళారూపాలను పోరాట గొంతుగా మలిచారు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో రసమయి బాలకిషన్ వంటి కళాకారులు నడిపిన ధూంధాం 2002లో కామారెడ్డిలోనే మొదలైంది. ఆ వేదికల ముందు నిలబడి విన్న బడిపిల్లలు ఇంటికి వచ్చి అదే దరువుకు తమ ఊరి మాటలు కట్టారు. పాట వేదిక మీది పెద్దల సొత్తు కాదని ఆ తరానికి తెలియజెప్పిన సంఘటన అది.

ఎలక్ట్రానిక్ కీబోర్డులు ఈలోగా పెళ్ళి ఆర్కెస్ట్రాల ద్వారా వచ్చాయి. కాసియో 1980లో కాసియోటోన్ తెచ్చింది. 1983లో మిడి ప్రమాణం ఖరారై వేర్వేరు సంస్థల వాద్యాలు, కంప్యూటర్లు ఒకే భాషలో మాట్లాడుకోగలిగాయి. 1985లో రోలాండ్ ఆక్టాప్యాడ్ వచ్చింది, తర్వాతి కాలంలో డప్పు, డోలక్ శబ్దాలు కూడా ప్యాడ్‌లలోకి చేరాయి.

పిల్లల చేత సంగీతం కట్టించే సాఫ్ట్‌వేర్ అనే ఆలోచన మాత్రం వాయిద్యాల అంగట్లో పుట్టలేదు. అమెరికాలోని ఎంఐటీలో సేమర్ పాపర్ట్ బృందం పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను అభివృద్ధి చేస్తున్నప్పుడు, 1970లలో జీన్ బాంబర్గర్ దానికి సంగీత రూపం కల్పించారు. పిల్లలు ఒక పాటను విన్నప్పుడు విడి స్వరాలుగా పట్టుకోరని, చిన్న చిన్న ముక్కలుగా పట్టుకుంటారని ఆమె గమనించారు. అందుకే ఆమె తయారుచేసిన వాటిలో పిల్లల చేతికి మొదట ఇచ్చేది స్వరం కాదు, రాగపు ముక్క. ఆ ముక్కలను వరుస మార్చి, కలిపి, విని, నచ్చకపోతే విడదీస్తారు. స్వరాల సంగతి ఆ తర్వాత. సప్తాహంలో పాదాన్ని మొత్తంగా అనిపించే గురువు ఎంచుకున్న కొలమానమే ఇదీ. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేకపోయినా ఇద్దరూ ఒకే చోటికి చేరడం ఆ పద్ధతి బలాన్ని చెబుతుంది.

అదే ఎంఐటీలో టాడ్ మాకోవర్ బృందం నుంచి వచ్చిన హైపర్‌స్కోర్ ఇంకో మెట్టు. మేరీ ఫర్బూద్ దీని రూపకర్తల్లో ముఖ్యురాలు. పిల్లలు చిన్న గడిలో చుక్కలు పెట్టి ఒక ముక్క తయారుచేస్తారు: పైకి పోతే హెచ్చు శ్రుతి, కుడికి పోతే తర్వాతి క్షణం. ప్రతి ముక్కకూ ఒక రంగు. పెద్ద తెర మీద ఆ రంగు కలంతో గీత గీస్తే ముక్క అంతసేపు మోగుతుంది, గీత వంగితే రాగమూ వంగుతుంది. నొటేషన్ రాని పిల్లలు కట్టిన రచనలను 2002 ప్రాంతంలో టాయ్ సింఫనీ కార్యక్రమం కింద ఆర్కెస్ట్రాలు వాయించాయి.

వ్యాపార సాఫ్ట్‌వేర్ వేరే మార్గం పట్టింది. బెల్జియంలోని ఇమేజ్-లైన్ కోసం డిడియర్ డాంబ్రిన్ రాసిన ఫ్రూటీలూప్స్ 1997 చివర్లో వచ్చి, 2003లో ఎఫ్ఎల్ స్టూడియో అయింది. ఆపిల్ 2004లో గ్యారేజ్‌బ్యాండ్ విడుదల చేసింది, 2011లో దాన్ని ఐప్యాడ్‌కు తెచ్చింది. సింగపూర్‌లో 2015లో మొదలైన బ్యాండ్‌ల్యాబ్ ఉచితంగా, ఆండ్రాయిడ్‌లో కూడా దొరికింది. గూగుల్ 2018లో తెచ్చిన సాంగ్ మేకర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. తెలంగాణలో జానపద గీతాలు, డీజే పాటలు తయారుచేసే చిన్న స్టూడియోల కుర్రాళ్ళకు ఎఫ్ఎల్ స్టూడియో పేరు బాగా పరిచయం.

ఈ సాధనాల్లో చాలావాటి పునాది పియానో మెట్లు, నాలుగు లెక్కల తాళం. సమస్య ఎక్కడ వస్తుందో ఫ్రూటీలూప్స్ తెర చూస్తే తెలుస్తుంది. డ్రమ్ము వరుసలో 16 గడులు ఉంటాయి, నొక్కిన గడి దగ్గర దెబ్బ పడుతుంది. తెలుగు పల్లెపాటల్లో ఎక్కువగా వినిపించే తిస్ర నడకను అందులో పెట్టాలని చూస్తే, మూడు గడులకొక చప్పట్టు చొప్పున 1, 4, 7, 10, 13, 16 గడుల్లో పడుతుంది. 16వ గడి తర్వాత వరుస మళ్ళీ 1కి వస్తుంది. 16కూ 1కీ మధ్య ఒక్క గడి ఎడమే ఉండడంతో అడుగు తడబడుతుంది, పాడేవాళ్ళకు నడక పోతుంది. గడులను 12కు కుదిస్తే సరిపోతుంది, కానీ ఆ అమరిక ఎక్కడ ఉందో కొత్తగా తెరిచిన పిల్లకు తెలియదు. తన పాటే తప్పనుకుంటుంది. స్వరాల విషయంలో ఇబ్బంది కొంత తక్కువ. సాంగ్ మేకర్‌లో ఐదు స్వరాల వరసను ఎంచుకుంటే మోహన రాగపు స్వరాలే దొరుకుతాయి, ఏ గడి నొక్కినా అపశ్రుతి రాదు. జారుడు, గమకం మాత్రం గడుల్లో ఒదగవు. హార్మోనియం మీద ఆకాశవాణి చెప్పిన అభ్యంతరం ఇక్కడా వర్తిస్తుంది. దానికి పరిష్కారం మెట్లలో కాదు, గొంతును నేరుగా రికార్డు చేయడంలో ఉంది.

2016 సెప్టెంబర్‌లో జియో రాకతో డేటా చవకై, జుక్కల్ వంటి మారుమూల ప్రాంతాల పిల్లలకు కూడా ఇవన్నీ అందాయి. అప్పటికి చవక ఆండ్రాయిడ్ ఫోన్లకు ఒక పెద్ద లోపం ఉండేది. తెరను తాకిన క్షణానికీ శబ్దం వినిపించే క్షణానికీ మధ్య ఎడం తొలి ఫోన్లలో సెకనులో పదోవంతును కూడా దాటేది. చిటిక వేసిన చేతికీ చెవికీ పొంతన లేకపోతే డప్పు వాయించే కుర్రాడికి ఆ యాప్ పనికిరాదు. 2017లో ఆండ్రాయిడ్ 8.0లో వచ్చిన ఏఆడియో, 2018లో గూగుల్ ఇచ్చిన ఓబో లైబ్రరీ ఈ ఎడాన్ని బాగా తగ్గించాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం అది మళ్ళీ పెరుగుతుంది, తీగ ఉన్నదే మేలు.

జుక్కల్ పిల్లల కోసం ఇలాంటి యాప్‌ను రూపొందించేవాళ్ళకు ఈ చరిత్ర కొన్ని నిర్ణయాలను ముందే తేల్చి పెడుతుంది. మొదటి తెర మీద మెట్లకన్నా మైకు గుర్తు ఉండాలి, పాడిన పాదమే పాటకు మొదటి ముక్క కావాలి. తాళం చప్పట్ల నుంచి పుట్టాలి, నాలుగు లెక్కలు ముందే ఖరారు చేసి ఉండకూడదు. సాహిత్యం టైపు చేయించడం దగ్గర ఇంకో చిక్కు ఉంది. లంబాడీకి సొంత లిపి లేదు. తెలంగాణలో తెలుగు లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. హద్దుకు ఇటు తాండాలో పుట్టిన తీజ్ చరణాన్ని అటు తాండా పిల్ల చదవలేకపోవచ్చు, వింటే మాత్రం వెంటనే అందుకుంటుంది. అందుకే పాట అక్షరంగా కంటే శబ్దంగా చేతులు మారాలి. మిగతావాళ్ళు అందుకోవడానికి చోటు వదలడం మరీ ముఖ్యం. బ్యాండ్‌ల్యాబ్‌లో ఒకరి రచనను మరొకరు నకలు తీసుకుని పెంచుకునే ‘ఫోర్క్’ సౌకర్యం ఉంది, ఆ నకలు ఎవరి రచన నుంచి వచ్చిందో కూడా అక్కడ కనిపిస్తుంది. ఎత్తుకున్నవారిని, అందుకున్నవారిని వేరుచేసి చూపే ఏర్పాటు దానికి తోడైతే వంతపాట పద్ధతికి అది బాగా దగ్గరవుతుంది.

2023 చివరి నుంచి విస్తరించిన సూనో వంటి కృత్రిమ మేధ సేవలు నాలుగు మాటలు రాస్తే పూర్తి పాట ఇచ్చేస్తాయి. వినడానికి బాగున్నా, విని, నచ్చక, మార్చి, మళ్ళీ వినే పని అందులో పిల్లలకు మిగలదు. హార్మోనియం నేర్పినదీ, బాంబర్గర్ కోరినదీ ఆ పనే. ఇలాంటి సేవలను పాఠంలో వాడదలచినవాళ్ళు పూర్తి పాటకు బదులు ఒక్క దరువును, ఒక్క శ్రుతిని మాత్రమే తీసుకుని, మిగతా పాటను పిల్లలకు వదలడం మంచిది.

పిల్లల గొంతులు రికార్డయ్యే చోట చట్టం కూడా వస్తుంది. భారత డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్ళు నిండనివారంతా పిల్లలే. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన అనుమతి ఉండాలి, వారిని గమనిస్తూ ప్రకటనలు చూపడం నిషేధం. అమెరికాలో 1998 నాటి చట్టం 13 ఏళ్ళలోపు వారికే ఈ రక్షణ ఇస్తుంది కాబట్టి, అక్కడి నమూనాను తెచ్చి ఇక్కడ అలాగే నడపడం కుదరదు. తాండా పిల్లలకు ఫోన్ చాలా ఇళ్ళలో తండ్రిదో అన్నదో అయి ఉంటుంది. అందుకని అనుమతి అడిగే తెర తెలుగులో, మరాఠీలో, ఉర్దూలో, చదవలేని పెద్దల కోసం లంబాడీ మాటల్లో వినిపించేలా ఉండాలి.